కొత్త కెప్టెన్, పాత గొంతు

ఈ వేసవిలో మా తమ్ముడి కూతురు జాయిస్ వారం రోజులు ఉండి వెళ్దామని మా ఇంటికొచ్చింది. చెప్పులు విప్పకముందే అది అడిగింది నా ఆరోగ్యం గురించి కాదు. "అత్తా, కొత్త సీజన్ చూశావా? వీణ్ణి ఎవరు పెట్టమన్నారు?" అంది. మేమిద్దరం ఎవరి ఊళ్ళో వాళ్ళం ఉండి, తెలుగు డబ్బింగులో చూసే ఒక విదేశీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ సంగతి అది. భూమి నుంచి బయల్దేరి ఎప్పటికీ వెనక్కి రాని ఒక ఓడ, దాంట్లో ఒక ఊరంత జనం, వాళ్ళని నడిపించే ఒక కమాండరు. మొదటి నుంచీ ఆ కమాండరుగా ఒకే మనిషి వేశాడు. ఇప్పుడా మనిషి మానేశాడట. అదే కుర్చీలో, అదే కోటు వేసి, ఇంకొకణ్ణి కూర్చోబెట్టారు. జాయిస్ కోపమంతా అతని గడ్డం మీద, జుట్టు మీద, నవ్వు మీద. ఇక ఆ సీరియల్ చూడనని స్నేహితులందరికీ మెసేజీలు పెట్టిందట. పెట్టి, మర్నాడే రెండో ఎపిసోడ్ చూసిందట, అతను ఇంకెంత పాడు చేస్తాడో తెలుసుకోవడానికి.

నాకూ ఆ కొత్తాయన మీద నమ్మకం లేదు. కానీ నా అనుమానం గడ్డం దగ్గర ఆగేది కాదు. నేను దేన్నైనా ఎంతకి ఎంత అని చూసే మనిషిని. పాత కమాండరు పది ఆజ్ఞలు ఇస్తే వాటిలో రెండింటికి ముందు పక్కవాళ్ళ సలహా అడిగేవాడు. ఈయన దాదాపు ప్రతిదానికీ అడుగుతున్నాడు. అడిగి అడిగి మంచివాడనిపించుకుంటున్న మనిషి దగ్గర దాచుకున్నది ఏదో ఉంటుందని నాకు అనిపిస్తుంది. ఆ మాటే జాయిస్‌తో అన్నాను. ఇంకో సంగతి కూడా చెప్పాను, అది ఆ పిల్ల గమనించలేదు. "మొహం మారింది గానీ గొంతు మారలేదు, చూసుకున్నావా?" అన్నాను. తెలుగులో పాత కమాండరుకి డబ్బింగు చెప్పిన మనిషే ఈయనకీ చెబుతున్నాడు. జాయిస్ ఫోను తీసి, కళ్ళు మూసుకుని ఒక నిమిషం విని, "అవునత్తా, కళ్ళు మూసుకుంటే ఆయనే" అంది. తర్వాత కళ్ళు తెరిచి మళ్ళీ తిట్టడం మొదలుపెట్టింది. నేను వంటింట్లోకి వెళ్ళాను. నా చిన్నప్పుడు కూడా ఒక కెప్టెన్ మారాడు. అప్పుడూ గొంతు మారలేదు. ఆ గొంతు మా బాబాయిది.

మా నాన్న సామ్యేలు నూజివీడుకీ ముసునూరుకీ మధ్య ఒక ఆసామి తోటలో కాపలా మనిషి. కాపలా అన్నది పేరుకే, అసలు పని కాపు లెక్క కట్టడం. మా వైపు మామిడి కాపుని చెట్ల మీద ఉండగానే అమ్మేస్తారు. పిందె నిమ్మకాయంత అయ్యేసరికి వ్యాపారి వచ్చి తోటంతా తిరిగి బేరం చేస్తాడు. ఆ బేరానికి ముందు, తోటలో ఎంత కాయ ఉందో, గాలికి రాలింది పోగా ఎంత మిగులుతుందో ఆసామికి ఒకరు చెప్పాలి. ఎక్కువ చెబితే మునిగిన వ్యాపారి మరుసటేడు గేటు దగ్గరికి రాడు. తక్కువ చెబితే ఆసామి మునుగుతాడు. మా నాన్న చెప్పిన లెక్కని ఆసామీ, వ్యాపారీ ఇద్దరూ ఒప్పుకునేవాళ్ళు. అందుకే తోటలోనే రెండు గదుల పెంకుటిల్లు మాకు ఉండటానికి ఇచ్చారు. నేను పుట్టింది అక్కడే.

ఆ ఇంటి వాసనలు ఏడాది పొడుగునా మారేవి. చలికాలం చివర పూత వాసన, తేనె కాస్త పులిసినట్టు ఉండేది. జుట్టులోకి కూడా ఎక్కేది. అమ్మ ఎండు మామిడి పుల్లలతో పొయ్యి వెలిగిస్తే ఆ పొగలో ఒక తీపి ఉండేది. ఎండలు ముదిరాక సొన వాసన. చేతుల మీద పడితే కాలి మచ్చలు పడేవి, అవి వానలు వచ్చేదాకా పోయేవి కాదు. లోపలి గదిలో మంచం కింద వరిగడ్డిలో రసాలు మగ్గేవి. నాయనమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఒకసారి గాలి పీల్చి, ఎడమ వైపు కుప్ప రేపు తినొచ్చు, గోడ వైపుది ఇంకా కావాలి అనేది. కాయ ముట్టుకునేది కాదు. ఆదివారం మాత్రం ఆమెకి ఈ పనులేవీ ఉండేవి కావు. గంజి పెట్టిన తెల్లచీర కట్టి, బైబిలుని తువ్వాల్లో చుట్టుకుని, ఆరాధనకి చాలా ముందే తయారై కూర్చునేది. చదవడం రాదు. అయినా ఆ తువ్వాలు మా చేతికి ఇచ్చేది కాదు.

నాన్న లెక్కని మేము చాప లెక్క అనేవాళ్ళం. చెట్టుకి దూరంగా నిలబడి, ఆకుల మీద ఒక చాప పరిచినట్టు ఊహించుకోవాలి. ఆ చాపంత మేర ఎన్ని కాయలున్నాయో చూడాలి. తర్వాత ఆ చెట్టు ఒళ్ళంతా కప్పడానికి అలాంటివి ఎన్ని చాపలు కావాలో చూడాలి. ఒకదాన్ని ఇంకొకదానితో హెచ్చవేసి, గాలి వాటా తీసేయాలి. నాన్న వెనకాల తిరుగుతూ నేను ఈ విద్య నేర్చుకున్నాను. బళ్ళో గుణకారాలు నేర్పకముందే నాకు చాపలతో వచ్చేశాయి. ఆయన ఎప్పుడూ ముందు నన్ను చెప్పమనేవాడు. నేను చెప్పాక తన లెక్క చెప్పేవాడు. రెండిటికీ తేడా ఉంటే నవ్వేవాడు కాదు, మళ్ళీ చూడమనేవాడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్న కామెర్లతో పోయాడు. వానాకాలం కాబట్టి తోటలో పనేమీ లేదు. ఆసామిగారు వచ్చి, కాపు వచ్చేదాకా ఇంట్లో ఉండమన్నారు. ఆ తర్వాత సంగతి అడిగితే, "లెక్క కట్టే మనిషి తోటలో ఉండాలి కదమ్మా. ఆ మనిషెవరో చూసుకున్నాక మాట్లాడదాం" అని అమ్మతో అన్నారు. కోపంగా అనలేదు. మాకు వేరే ఇల్లు లేదు. ఆ శీతాకాలమంతా అమ్మ ఏ గిన్నె కొనాలన్నా, ఏ చెట్టు నాటాలన్నా, ఇక్కడ ఉంటామో లేదో అని ఆగిపోయేది.

అప్పుడు వచ్చాడు ఏసుపాదం బాబాయి. నాన్నకి తమ్ముడు. చిన్నప్పుడే ఇల్లు వదిలి హనుమాన్ జంక్షన్‌లో లారీ క్లీనరుగా చేరాడు. మామిడి లోడ్లతో నాగపూరు, ఢిల్లీ తిరిగి, ఎప్పుడో ఒకసారి స్వీటు పొట్లంతో కనబడేవాడు. నాన్న పోయాక లారీ మానేసి వచ్చి, అన్న పని నేను చేస్తానని ఆసామిగారితో చెప్పాడు. ఆయన ఈ కాపుకి చూద్దామన్నారు. లెక్క కుదిరితే మేమంతా ఉండొచ్చు, లేకపోతే వేసవి అయ్యాక ఇల్లు ఖాళీ చేయాలి. ఈ మాట అందరి ముందూ అన్నారు కాబట్టి నాకూ తెలుసు, తమ్ముడికీ తెలుసు. బాబాయి నాన్న చొక్కాలు వేసుకునేవాడు, ఎందుకంటే తనకి ఉన్నవి రెండే. నాన్నవి ఆయనకి భుజాల దగ్గర జారిపోయేవి. నాకు ఆ చొక్కాలు కనబడితే చాలు, ఇంకో గదిలోకి వెళ్ళేదాన్ని. మామిడి చెట్ల దగ్గర ఒక్క సీజను కూడా పని చేయని మనిషి, ఏ ధైర్యంతో ఒప్పుకున్నాడో నాకు అర్థమయ్యేది కాదు.

ఆయనకి తోటలో పేరు తెచ్చింది కాపు లెక్క కాదు, టీవీ. ఆసామిగారు కొన్న టీవీని ఆదివారం పొద్దున పూట కాయలు సర్దే షెడ్డులో బల్ల మీద పెట్టించేవారు, కూలీలు కూడా చూస్తారని. అప్పట్లో ఆదివారాలు ఒక హిందీ సీరియల్ వచ్చేది. కెప్టెన్ సమర్ అనే పొడుగాటి మనిషి ఆకాశనౌకలో గ్రహాలు తిరుగుతూ ఉంటాడు. మా షెడ్డులో హిందీ వచ్చింది బాబాయికి ఒక్కడికే, అది కూడా ఢాబాల్లో, చెక్‌పోస్టుల్లో నేర్చుకున్న హిందీ. ఆయన టీవీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, తెర మీద ఎవరు మాట్లాడినా తెలుగులో చెప్పేవాడు. కెప్టెన్ ఒక గొంతు, శత్రువులు ఇంకో గొంతు, ఆడవాళ్ళయితే కొంచెం మెల్లగా. ఆకాశనౌకకి గేర్లు ఉండేవి, లోడు ఎక్కువైతే ఎక్కడానికి ఇబ్బంది పడేది, ఒక గ్రహం మీద దిగేముందు కెప్టెన్ టైర్లలో గాలి చూసుకున్నాడు. కాయలు కోసే నాగమణి అనే ఆవిడ అందరిలోకీ నోరు గలది. ఆకాశంలో పంక్చరు పడితే ఎవరు వేస్తారని అడిగేది. బాబాయి తడుముకోకుండా, అందుకే ఇద్దరు క్లీనర్లని తీసుకెళ్ళారని చెప్పేవాడు. నాయనమ్మ ముందు వరసలో బైబిలు ఒళ్ళో పెట్టుకుని చూసేది. నాన్న పోయాక ఆవిడ నవ్వింది ఆ షెడ్డులోనే.

నేనూ చూసేదాన్ని. ఆ సీరియల్ అంటే ప్రాణం. కానీ బాబాయి చెప్పేదాని మీద నాకు అనుమానం. తెర మీద మనిషి చాలాసేపు మాట్లాడితే ఈయన ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. తెర మీద రెండు ముక్కలంటే ఈయన కథ మొత్తం చెప్పేవాడు. పైగా అందులో శాస్త్రం మాటలు చాలావరకు నా తెలుగు సైన్సు పుస్తకంలో ఉన్నవే. అంతరిక్షం, గ్రహం, గురుత్వాకర్షణ, వాయుమండలం. ఢాబాలో ఎవరూ మాట్లాడని ఆ మాటలు ఆయనకి తెలిసేవి కాదు, నాకు తెలిసేవి. అందుకని కథలో సగం ఆయన దగ్గర, సగం టీవీ దగ్గర వింటూ, ఆ రెండిటికీ ఎక్కడ పొసగట్లేదో మనసులో పెట్టుకునేదాన్ని.

పిందెలు ఎదిగే రోజుల్లో ఒక ఆదివారం కెప్టెన్ మారాడు. కిందటి వారం పేలుడుతో ఆగిపోయింది. ఈ వారం మొదలవగానే నౌకలో అందరూ తలలు దించుకుని నిలబడ్డారు. తలుపు తెరుచుకుని వేరే మనిషి లోపలికి వచ్చి కెప్టెన్ కుర్చీలో కూర్చున్నాడు. పొట్టి మనిషి, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. షెడ్డంతా గోల అయింది. ఎవడు వీడు, మనవాడేడి అని అడిగారు. బాబాయి టీవీ వైపు చెవి ఒగ్గాడు. తెర మీద ఒకాయన కాగితం చూసి ఏదో చదువుతున్నాడు. అందులో ఒక మాట నాకు స్పష్టంగా వినబడింది. మృత్యువు. కెప్టెన్ సమర్ పేరు పక్కనే వచ్చింది.

"ఆయనేనండి," అన్నాడు బాబాయి. "పేలుడులో మొహం కాలిపోయింది. ఆపరేషన్ చేసి కొత్త చర్మం వేశారు. అందుకని పోలిక మారింది."

"చర్మం వేస్తే మనిషి పొట్టి కూడా అవుతాడా ఏసుపాదం?" అంది నాగమణి. అందరూ నవ్వారు.

నాయనమ్మ నవ్వలేదు. కాసేపు ఆ కొత్త మనిషి వంక చూసి, "వాడేలే. కొంచెం చిక్కాడు," అంది. ఆ మాటతో షెడ్డు సర్దుకుంది. పెద్దావిడే ఒప్పుకున్నాక ఇంకెవరు కాదంటారు? బాబాయి పాత కెప్టెన్‌కి వాడిన గొంతుతోనే కొత్తాయనకీ చెప్పడం మొదలుపెట్టాడు. నాకు మాత్రం మిగతా కథ చెవికెక్కలేదు. ఇంతమంది ముందు, ఇంత తేలిగ్గా, చచ్చిపోయినవాణ్ణి బతికి ఉన్నాడని చెప్పగలిగిన మనిషి, తోటలో కాయ ఎంత ఉందని చెబుతాడో అన్న బెంగ పట్టుకుంది.

ఆ వారంలోనే విస్సన్నపేట నుంచి వ్యాపారి వచ్చాడు. గేటు దగ్గర జీపు దిగుతూనే బాబాయి భుజం మీద చెయ్యి వేసి, "ఏం ఏసూ, స్టీరింగు వదిలేసి చెట్టెక్కావా?" అన్నాడు. బాబాయి లారీలో ఆయన సరుకు ఎన్నోసార్లు ఢిల్లీ వెళ్ళిందట. ఆ చనువు నాకు మొదటి క్షణం నుంచే నచ్చలేదు. ఆసామిగారు, వ్యాపారి, బాబాయి తోటంతా తిరుగుతుంటే నేను కొంచెం ఎడంగా నడుస్తూ నాన్న చాపలు పరుచుకుంటూ వచ్చాను. బాబాయి చాపా లేదు, చెట్టు చుట్టూ తిరగడమూ లేదు. ఒక్కో చెట్టు కిందకి వెళ్ళి, చొక్కా మాసిపోతుందని కూడా చూడకుండా ఎండుటాకుల్లో వెల్లకిలా పడుకునేవాడు. లారీ కింద దూరి స్ప్రింగు పట్టీలు చూసే క్లీనరు ఎలా పడుకుంటాడో అలా. కాసేపు పైకి చూసి, లేచి దులుపుకుని, ఇంకో చెట్టు. వ్యాపారి పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. ఆసామిగారు నవ్వలేదు, గొడుగు కర్రతో నేల మీద పొడుస్తూ నిలబడ్డారు.

చివరికి బాబాయి ఆసామిగారిని పక్కకి తీసుకెళ్ళి తన లెక్క చెప్పాడు. నేను దగ్గరలోనే ఉన్నాను కాబట్టి విన్నాను. నా లెక్కలో నాలుగు బుట్టలున్న చోట ఆయన లెక్కలో మూడే ఉన్నాయి. బేరం దాని మీదే జరిగింది. వ్యాపారి వెళుతూ వెళుతూ మళ్ళీ బాబాయి భుజం తట్టాడు. ఒక్క తప్పైతే తప్పే అనుకోవచ్చు. తప్పు ఎవరికి లాభమో వాళ్ళ చెయ్యి భుజం మీద ఉంటే ఇంకోలా అనుకోవాలి. అప్పుడు నాకు అలాగే అనిపించింది, ఇప్పుడు చూసినా ఇంకోలా అనుకోను. అమ్మతో చెబితే భయపడుతుంది. ఆసామిగారితో చెబితే ఇల్లు అప్పుడే పోతుంది. చెప్పకపోతే వేసవి అయ్యాక పోతుంది. నాయనమ్మతో చెప్పాను. ఆవిడ మునగాకు దూస్తూ అంతా విని, వెనక మాట్లాడకు, మొహం మీద అడుగు అంది.

ఆ ఆదివారం సీరియల్ అయ్యాక ఆరాధనకి బయల్దేరాం. అమ్మ, తమ్ముడు, నాయనమ్మ ముందు నడుస్తున్నారు. బాబాయి, నేను వెనక. చెట్ల మధ్య దారిలో అడిగాను.

"బాబాయ్, ఆ కెప్టెన్ చచ్చిపోయాడు కదా."

"నీకు తెలిసిందా?" అన్నాడు.

"మృత్యువని చదివారు. నాకు వినబడింది."

"పోయాడమ్మా. ఈయన వేరే మనిషి. పేరు కూడా వేరే." ఆ తర్వాత గడ్డంతో ముందు నడుస్తున్న నాయనమ్మని చూపించాడు. "పెద్ద కొడుకు పోయి ఏడాది కాలేదు. ఆ మాట ఆమె ముందు నా నోట రాలేదు."

ఆ జవాబుకి నా మనసు మెత్తబడి ఉండాలి. కానీ అనుమానం ఇంకా పెరిగింది. జాలిపడి అబద్ధం చెప్పేవాడికి, డబ్బు కోసం చెప్పేవాడికి అడ్డుపడే ఆ కాస్త సిగ్గు కూడా ఉండదు. "మరి ఆసామిగారి ముందు ఏ మాట నోట రాలేదు?" అన్నాను. "వ్యాపారి నీ స్నేహితుడని కాయ తగ్గించావా?"

బాబాయి ఆగిపోయాడు. కొడతాడేమో అనుకున్నాను. ఆయన దారి దిగి, పక్కనే ఉన్న బంగినపల్లి చెట్టు కిందకి వెళ్ళి, "ఇక్కడ పడుకో" అన్నాడు. నేను ఆరాధనకి కట్టుకున్న పరికిణీతోనే పడుకున్నాను. చెట్టుని నేను ఎప్పుడూ అలా చూడలేదు. బయట నుంచి చూస్తే నిండుగా, ఏ చాప పరిచినా కాయలతో ఉండే చెట్టు, లోపల నుంచి చూస్తే గొడుగులా బోలుగా ఉంది. లోపలి కొమ్మలకి పిందె లేదు. ఎండిన పూత కాడలు నల్లగా, జిగురుగా వేలాడుతున్నాయి. తేనెమంచు పురుగు పట్టిందని అప్పుడు చెప్పాడు. నీడలో ఉన్న పూత రసమంతా పీల్చేసి, ఎండ తగిలే బయటి అంచు మాత్రం వదిలింది.

"నాకు మీ నాన్న లెక్క రాదు, రూతమ్మా," అన్నాడు. "వస్తుందని ఎవరికీ చెప్పలేదు. లారీ కింద పడుకుని బతికినోణ్ణి. పైన ఎంత బాగా సర్దినా, లోడు సంగతి కిందే తెలుస్తుంది. కింద నుంచి నాకు కనబడిందే చెప్పాను. మీ నాన్న అయితే ఏం చెప్పేవాడో నాకు తెలియదు."

ఎర్రచీమలు మెడ మీద కుడుతుంటే లేచాను. ఆరాధనకి ఆలస్యంగా వెళ్ళాం. అమ్మ నా జడలో ఎండుటాకు తీస్తూ కళ్ళెర్రజేసింది. పాటలు పాడుతున్నంత సేపూ నేను ఒకటే ఆలోచించాను. ఒక చెట్టు చూపించిన మనిషి తనకి కావలసిన చెట్టే చూపిస్తాడు. అందుకని ఆ వారమంతా బడి నుంచి రాగానే నాకు తోచిన చెట్ల కింద నేనే పడుకున్నాను. కొన్ని ఆయన చెప్పినట్టే బోలు. కొన్ని కావు, లోపలా కాశాయి. బాబాయి బోలు చెట్లు ఎక్కువ చూసి భయపడ్డాడు. నేను బయటి అంచులే చూసి మురిసిపోయాను. రెండూ కలిపి మళ్ళీ కట్టుకుంటే లెక్క ఆయనకీ నాకూ మధ్యలో ఎక్కడో వచ్చింది. ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు. బాబాయి నిజాయితీ గురించి కూడా నేను ఏ నిర్ణయానికీ రాలేదు. కాయ దిగాలి, అప్పుడు చూడాలి అనుకున్నాను.

ఈలోగా సీరియల్ నడుస్తూనే ఉంది. కొత్త కెప్టెన్ మీద షెడ్డులో ఇంకా గొణుగుడే. ఒక ఆదివారం అతను నౌకలో మిగిలిన వాళ్ళని ఎలాగో రాళ్ళవాన లోంచి దాటించాడు. బాబాయి ఆ పాత గొంతుతో, చూశారా మన కెప్టెన్ సమర్ మళ్ళీ గట్టెక్కించాడు అని చెబుతున్నాడు. నాయనమ్మ తువ్వాలు సర్దుకుంటూ, "సమర్ పోయాడులే ఏసుపాదం. ఆ రోజు వాళ్ళ మొహాలు చూస్తే తెలీదా?" అంది. "వీడు కూడా బాగానే నడుపుతున్నాడు. వీడి పేరేంటో అది చెప్పు." బాబాయి కొత్త కెప్టెన్ అసలు పేరు చెప్పాడు. ఆ రోజు మిగతా కథకి ఆయన పాత గొంతు వాడలేదు. మామూలుగా, తన గొంతుతో చెప్పాడు.

ఎండలు మండే రోజుల్లో కాయ దిగింది. చివరి లారీ వెళ్ళాక ఆసామిగారు షెడ్డులో బాబాయిని పిలిపించారు. మేమంతా వెళ్ళి గడ్డి కుప్పల పక్కన నిలబడ్డాం. అమ్మ ఆ పొద్దున్నే గిన్నెలు కడిగి గోనెసంచిలో సర్ది పెట్టింది, ఎందుకైనా మంచిదని. దిగిన కాయ బాబాయి చెప్పినదానికంటే ఎక్కువే ఉంది. నా మొదటి లెక్క అంత లేదు. నేను ఎవరికీ చెప్పని లెక్కకి దగ్గరగా ఉంది.

"తగ్గించి చెప్పావు ఏసుపాదం," అన్నారు ఆసామిగారు. "సామ్యేలు ఇంత తేడా ఎప్పుడూ తేలేదు."

"అవునండి. తగ్గించాను," అన్నాడు బాబాయి. "తగ్గించింది నా కళ్ళండి. వ్యాపారి కాదండి."

ఆసామిగారు వచ్చే ఏడు మాత్రం ఇంకోలా ఎలా చెబుతావని అడిగారు. బాబాయి మా వైపు తిరిగాడు. "పైన ఈ అమ్మాయి చూస్తుందండి. వాళ్ళ నాన్న లెక్క దానికి వచ్చు. కింద నేను చూస్తాను. రెండూ కలిపి మీకు చెబుతాం," అన్నాడు.

నన్ను అడగకుండా ఆయన అలా అనేసరికి అందరూ నా వంక చూశారు. నాకు సంతోషం కంటే ముందు అనుమానమే వచ్చింది. ఆయన లెక్క విన్నాక నా కళ్ళు అటే పోతాయి. నా లెక్క విన్నాక ఆయన కళ్ళు ఇటే వస్తాయి. రెండు లెక్కలు కాస్తా ఒక తప్పు అవుతుంది. "ఆయన లెక్క నాకు చెప్పకూడదండి. నాది ఆయనకి చెప్పకూడదు," అన్నాను. "ఇద్దరం వేరువేరుగా మీకే చెబుతాం. కలపడం మీరు కలుపుకోండి." అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపబోయింది. ఆసామిగారు నవ్వారు, నాన్న పోయాక మా ముందు ఆయన నవ్వడం అదే మొదటిసారి. "ఈ పిల్ల సొంత బాబాయినే నమ్మట్లేదు. అయితే తోటకి పనికొస్తుంది," అన్నారు. "ఉండండి."

అమ్మ ఆ సాయంత్రమే గోనెసంచి విప్పింది. ఇంటి వెనక కరివేపాకు మొక్క నాటింది.

ఆ తర్వాత బాబాయి, నేను చాలా కాపులు అలాగే చూశాం. నేను పదోతరగతితో ఆగిపోయాను. మిగతా లెక్కలన్నీ చెట్లే నేర్పాయి. తర్వాత పక్క తోటల వాళ్ళు కూడా పిలవడం మొదలుపెట్టారు. కాపు చూసిన రోజు మేమిద్దరం భోజనాల దగ్గర కూడా ఆ సంగతి ఎత్తేవాళ్ళం కాదు. ఆసామిగారు చెప్పేదాకా ఒకరి లెక్క ఒకరికి తెలిసేది కాదు. దగ్గరగా వస్తే బాబాయి సంతోషపడేవాడు. నాకు దగ్గరగా వచ్చినప్పుడే భయం వేసేది, ఇద్దరం ఒకే చోట మోసపోలేదు కదా అని. ఆయన్ని నేను ఎప్పుడు నమ్మడం మొదలుపెట్టానో చెప్పలేను. ఏడాదికొకసారి సరిచూసుకుంటూ వెళ్ళాను, సరిచూసిన ప్రతిసారీ మనిషి ఉన్నచోటే ఉన్నాడు. నాకు తెలిసిన నమ్మకం అంతే.

జాయిస్ తన కొత్త కమాండర్ని ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకోమని నేనూ చెప్పలేదు. తిట్టడం మానకుండానే ఒక సీజను పూర్తిగా చూడమన్నాను. ఇప్పుడు తోటల్లో కూడా చాలా మారింది. కాపు ఫోటోలు పైనుంచి డ్రోనుతో తీస్తున్నారు. ఆ ఫోటోల్లో ప్రతి చెట్టూ నిండుగానే కనిపిస్తుంది. నేను ఇప్పటికీ చెట్టు కింద పడుకుంటాను, లేవడానికి మాత్రం ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. బాబాయి మూడేళ్ళ కిందట పోయాడు. ఆ తర్వాత వచ్చిన కాపుకి పైనా నేనే చూశాను, కిందా నేనే చూశాను. ఆసామిగారి కొడుకు గేటు దగ్గర కారులోనే కూర్చుని, అద్దం దించి, ఎంతండీ అని అడిగాడు. చెప్పాను. సరే మేడమ్ అని ఫోనులో వ్యాపారికి ఆ అంకె చెప్పేశాడు. ఎలా కట్టారనీ, ఇంకెవరైనా చూశారా అనీ అడగలేదు. కారు వెళ్ళిపోయాక నేను మళ్ళీ తోటలోకి వెళ్ళి, మొదటి చెట్టు నుంచి లెక్క పెట్టడం మొదలుపెట్టాను.